మహారాజశ్రీ జియోట్యాగ్ ఫొటో గారి సముఖమునకు

జర్నలిజం శాఖ ల్యాబ్ జర్నల్ (విద్యార్థుల ప్రాక్టీసు పత్రిక) విలేకరి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరెక్కడున్నారని అడగను. అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైముతో సహా మీ కింది పట్టీలో రాసే ఉంటాయి కదా.

రెండేళ్ళుగా మా క్యాంపస్‌లో ఏ సదస్సు జరిగినా మనిద్దరం వెళ్తున్నాం. నేను నోట్‌బుక్ పట్టుకుని వెనక వరసలో, మీరు అటెండర్ గారి ఫోన్లో. మొదట్లో మిమ్మల్ని చిన్నచూపు చూశాను. ఒక ఫ్లెక్సీ, నాలుగు తలకాయలు కనిపించినంత మాత్రాన వార్త అవుతుందా అనుకున్నాను. మొన్నటి రెండు రోజుల జాతీయ సదస్సుతో బుద్ధొచ్చింది.

పదిన్నరకు మొదలవ్వాల్సింది. ముఖ్య అతిథి పన్నెండుకు వచ్చారు. కుర్చీలు ఖాళీగా ఉంటే మీరు బాగా రారని, పక్క బిల్డింగులో క్లాసు వింటున్న పీజీ ఫస్టియర్ వాళ్ళను లేపి తెచ్చారు. జ్యోతి ప్రజ్వలన మొదలైంది. ఫ్యాను గాలికి ఒత్తి రెండుసార్లు ఆరింది. మూడోసారి వెలిగేసరికి మీకు లొకేషన్ దొరకలేదు, ఫోన్లో చక్రం తిరుగుతోంది. ఫ్యాను కట్టేశారు. ఏడుగురు పెద్దలు ఒకే కొవ్వొత్తి మీద చేతులు వేసి, వంగి, నవ్వుతూ, మీరు కరుణించేదాకా అలాగే నిలబడ్డారు. కరిగిన మైనం ఒకాయన వేలి మీద పడింది. పెదవి బిగిసింది కానీ నవ్వు చెదరలేదు. ఆ రోజు వేదిక మీద నేను చూసిన అంకితభావం అదొక్కటే.

మీ మీద ఇంత భక్తి ఎందుకో మా సీనియర్ చెప్పాడు. కాలేజీలకు, యూనివర్సిటీలకు గ్రేడులిచ్చే నాక్ వాళ్ళు లెక్క అడుగుతారు. రీసెర్చ్ మెథడాలజీ, మేధో సంపత్తి హక్కులు, ఎంట్రప్రెన్యూర్‌షిప్ మీద ఐదేళ్ళలో ఎన్ని సదస్సులు పెట్టారో మీ సాక్ష్యంతో చూపించాలి. అందుకే మా తెలుగు శాఖ కూడా పేటెంట్ల మీద వర్క్‌షాప్ పెట్టింది. (రాజుకే అంకితమివ్వని పోతన, భాగవతానికి పేటెంటు తీసుకునేవాడా అని అడుగుదామనుకున్నా. ప్రశ్నోత్తరాలకు టైము లేదన్నారు.) ఇక అధ్యాపకుల ప్రమోషన్ల లెక్క వేరే. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం విదేశంలో పేపరు చదివితే 7 పాయింట్లు, ఇక్కడే జరిగే అంతర్జాతీయ సదస్సులో అయితే 5, జాతీయానికి 3, రాష్ట్ర, యూనివర్సిటీ స్థాయికి 2. ఖాట్మండు నుంచి ఒకాయన జూమ్‌లో ప్రత్యక్షమై "నా మాట వినబడుతోందా?" అంటే చాలు, మూడు కాస్తా ఐదయ్యే దారి దొరికినట్టే. పోయినేడాది ఆయన మాట వినబడలేదు. మీలో మాత్రం స్పష్టంగా కనబడ్డారు.

మన వృత్తి సంగతి కూడా చెప్పాలి. సదస్సు ప్రెస్‌నోట్ ముందురోజు సాయంత్రమే టైపైంది. "విశేష స్పందన లభించింది" అన్న వాక్యం, స్పందించాల్సిన వాళ్ళు ఇంకా హాస్టల్లో నిద్రపోతుండగానే సిద్ధం. నేను రాసిన దాంట్లోంచి అతిథి పన్నెండింటికి వచ్చిన ముచ్చట కొట్టేశారు, కొవ్వొత్తి ముచ్చటా కొట్టేశారు. మిగిలింది శాలువాల జాబితా.

భోజనాలయ్యాక ముఖ్య అతిథి వెళ్ళిపోయారు. ఆయన వెనకే మీరూ వెళ్ళిపోయారు. కాబట్టి నాలుగింటికి రెండో అంతస్తులో ఏం జరిగిందో మీకు తెలీదు. నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక రీసెర్చ్ స్కాలర్ బీడీలు చుట్టే ఆడవాళ్ళ మీద పేపరు చదివింది. కూలి వెయ్యి బీడీల లెక్కన కడతారు. ఇచ్చిన తునికాకు సరిపోకపోతే, తక్కువ పడ్డ ఆకు వాళ్ళే సొంత డబ్బుతో కొనుక్కోవాలి. ఆ కొన్న ఆకును కూలిలోంచి తీసేసి, చేతికి మిగిలేదెంతో ఇంటింటికీ తిరిగి రాసుకొచ్చింది. వింటున్నది ఆరుగురం, మైకు విప్పుకుపోదామని నిలబడ్డ అబ్బాయితో కలిపి. నాలుగో నిమిషంలో "ముగింపుకొచ్చెయ్యమ్మా" అన్నారు. ఆ రెండు రోజుల్లో నా నోట్‌బుక్‌లో పేజీ నిండింది అక్కడే.

దిగి వచ్చి, "అన్నా, జర ఒక ఫొటో తియ్యవా, గైడ్ సారుకు పెట్టాలె" అంది. ఖాళీ గదిలో మళ్ళీ మైకు ముందు నిలబడింది. తీశాను. బాగా వచ్చింది.

రాత్రి కోఆర్డినేటర్ సారు ఫోన్. టెక్నికల్ సెషన్ ఫొటో ఒక్కటీ లేదట, రిపోర్టు ఆగిపోతుందని టెన్షన్ పడుతున్నారు. నేను తీసింది పంపాను. ఐదు నిమిషాల్లో తిరుగు టపా: "లొకేషన్ లేదు, పనికిరాదు."

రెండో రోజు పొద్దున్నే ఫస్టియర్ వాళ్ళను మళ్ళీ పిలిచారు. పదిమందిని కుర్చీల్లో కూర్చోబెట్టి, ఒకణ్ణి మైకు ముందు నిలబెట్టారు. అటెండర్ గారి ఫోన్లో మీరు వేంచేశారు.

"సార్, ఏం మాట్లాడాలి?" అని అడిగాడు వాడు.

"ఏం అక్కర్లేదు, నోరు కదిలించు."

ఇట్లు,
ఆ ఫొటోలో ఎడమవైపు చివరి కుర్చీలో, నోట్‌బుక్‌తో సహా కూర్చోబెట్టబడ్డ
మీ విలేకరి