పేరు లేని గాలికి మా ఇంట్లో ఏర్పాట్లు

సముద్రం ఒడ్డున ఉండేవాళ్లు అదృష్టవంతులు. వాళ్ల మీదికొచ్చే గాలికి ఒక పేరుంటుంది. బంగాళాఖాతంలోనో అరేబియా సముద్రంలోనో పుట్టబోయే తుపాన్ల కోసం 13 దేశాలు దేశానికి 13 చొప్పున 169 పేర్లు రాసి పెట్టుకున్నాయి. 2020లో ఆ పట్టిక బయటికొచ్చింది. బిడ్డ కడుపున పడకముందే బారసాల అయిపోయిందన్నమాట. పైగా అది ఎక్కడ తీరం దాటుతుందో రెండు మూడు రోజుల ముందే టీవీలో గీత గీసి చూపిస్తారు.

మా నల్లగొండకు ఆ మర్యాద లేదు. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి ఎండ మాడు పగలగొడుతుంటుంది. నాలుగున్నరకు ఒక మూల మొగులు నల్లబడుతుంది. ఐదింటికి ఎర్రదుమ్ము లేస్తుంది. ఐదుంపావుకు ఎవరి రేకు ఎవరి వాకిట్లో ఉందో తెలియదు. రాత్రికి ఆకాశం కడిగినట్టుంటుంది, కరెంటు ఉండదు కనుక చుక్కలు ఇంకా బాగా కనిపిస్తాయి. ఇంత తొందరలో వచ్చిపోయే గాలికి పేరు పెట్టే తీరిక ఏ దేశానికుంటుంది? అందుకే మేమే పెట్టుకుంటాం, పోయిన సామానును బట్టి. డిష్ పోయిన గాలి. మునగచెట్టు పడ్డ గాలి. మా చెల్లె ఎప్పుడు పుట్టిందని అమ్మను అడిగితే తారీఖు చెప్పదు, "బర్రెల కొట్టం లేచిపోయిన గాలి వచ్చిన ఏడు" అంటుంది.

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన పంతులును. ఏ విషయమైనా మూలం దాకా వెళ్లి చూడటం అలవాటు. అలా చూసి తేల్చింది ఏమిటంటే, మా వైపు గాలివాన నష్టాలకు అసలు కారణం మేఘాలు కావు, "పారేయకు, పనికొస్తది" అనే మాట.

అనుమానం ఉంటే మా డాబా ఎక్కి చూడండి. మూడు కాళ్ల ప్లాస్టిక్ కుర్చీ ఒకటి, నాలుగో కాలు ఎప్పటికైనా తిరిగొస్తుందన్న ఆశతో. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన రేకులు రెండు. ఖాళీ రంగు డబ్బాలు అరడజను. ఏ ఎన్నికలదో గుర్తులేని ఫ్లెక్సీ ఒకటి. ఏటా వేసవిలో ఆ నాయకుడి చిరునవ్వు మీద మా ఆవిడ వడియాలు పెడుతుంది. గెలిచాడో ఓడాడో తెలియదు గానీ ప్రజలకు ఆయన చేసిన ఉపకారం మాత్రం ఇప్పటికీ అందుతోంది. అన్నిటికంటే పెద్దది పాత కూలర్. మోటరు లేదు, ఫ్యాను లేదు, గడ్డి డోర్లు మూడు మాత్రం ఉన్నాయి. "కొత్త కూలర్‌కు పనికొస్తయి" అని దాచాం. కొత్త కూలర్ కొన్నాం. సైజు వేరు. అయినా దాచాం.

హైదరాబాద్‌లోని వాతావరణ కేంద్రం పాపం తన పని తాను చేస్తూనే ఉంటుంది. "అక్కడక్కడ ఉరుములు, మెరుపులతో పాటు గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు" అని ఫోన్‌కు వస్తుంది. ఆ "అక్కడక్కడ" అనే మాటలోనే మా కాలనీ అంతా తలదాచుకుంటుంది. అక్కడక్కడ అంటే అక్కడ. ఇక్కడ కాదు. మిర్యాలగూడలో ఉన్న మా తమ్ముడు కూడా ఇదే మాటంటాడు, వాడి లెక్కలో నల్లగొండే "అక్కడ".

హెచ్చరికల రంగుల సంగతీ అంతే. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే కదలమని వాతావరణ శాఖ ఉద్దేశం. మా ఇంట్లో పసుపుకు ఆ మెసేజ్‌ను నలుగురికి పంపుతాం. నారింజకు నలుగురు మాకు పంపుతారు. ఎరుపుకు టార్చిలైటు వెతకడం మొదలవుతుంది, దొరికాక సెల్లులు వెతకడం.

ఒక్క మా ఆవిడ మాత్రం నారింజ అనగానే మోటరు వేసి ట్యాంకు నింపుతుంది. కరెంటు పోతే నీళ్లుండవని ఆమె భయం. తెలియకుండానే పెద్ద ఇంజనీరు చెప్పే మాటను పాటిస్తోందని నేను వివరించాను. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు, ఏ గాలీ కదపలేదు. అదే ఖాళీదైతే ఇద్దరు మనుషులు మోసుకుపోవచ్చు, గాలికి ఆ ఇద్దరూ అక్కర్లేదు. "అయితే ఇంజనీరింగ్ చాలుగానీ, ఆ కుర్చీలు లోపల పెట్టు" అంది. గాలికి ఇంకా టైముందని చెప్పాను.

టైము గురించి కూడా శాస్త్రం చెప్పుకోవాలి. ఎండకు కాలిన నేల మీది వేడిగాలి, సముద్రం నుంచి వచ్చిన తేమ కలిసి పైకెక్కి క్యుములోనింబస్ మేఘమవుతుంది. అందులోంచి వాన దిగేటప్పుడు చుట్టూ ఉన్న గాలి చల్లబడి, బరువెక్కి, ధబేలున కిందికి పడుతుంది. నేలకు కొట్టుకుని నాలుగు దిక్కులకూ పరుగెత్తుతుంది. అందుకే వానకంటే ముందు చల్లగాలి, దుమ్ము వస్తాయి. రోజంతా ఉడికిపోయిన మనిషికి ఆ మొదటి చల్లగాలి అమృతం. కుర్చీలన్నీ లోపల పెట్టుకోవాల్సిన ఆ పది నిమిషాల్లోనే జిల్లా మొత్తం కుర్చీ వేసుకుని వాకిట్లో కూర్చుంటుంది.

ఇక రేకుల మీద బండరాళ్లు పెట్టడం. ఇది మా ప్రాంతపు స్వదేశీ ఇంజనీరింగ్. పది అడుగుల రేకు పదిహేను కిలోలుంటే ఎక్కువ. గంటకు 60 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 17 కిలోల ఒత్తిడి పెడుతుంది, అంటే ఆ రేకు మొత్తం మీద యాభై కిలోల పైమాటే. వేగం రెట్టింపైతే ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగింతలు. ఈ లెక్క నేను తొమ్మిదో తరగతికి ఎన్నోసార్లు చేయించాను. ఇంటికొచ్చి మా బాత్‌రూం రేకుల మీద పది కిలోల రాయి ఒకటి పెట్టి, చేతులు దులుపుకుని, నిశ్చింతగా పడుకున్నాను. గాలి రేకును పైనుంచి నొక్కదు, పైకి పీకుతుంది. తలుపు తెరిచి ఉంటే లోపలి నుంచి కూడా తోస్తుంది. రేకును కింది పైపుకు హుక్కు బోల్టుతో, వాచర్ వేసి బిగిస్తే నిలబడుతుంది. రాయి పెడితే రేకుతో పాటు రాయీ లేస్తుంది, అంతే తేడా.

తోట విషయానికొస్తే, రెండు వందల గజాల జాగాలో ఇల్లు పోగా మిగిలినదాన్ని మేం తోట అంటాం. ఒక కొబ్బరి, ఒక మునగ, ఒక నిమ్మ, ఎవరూ నాటని బొప్పాయి. మట్టి కాళ్లతో ఇంట్లోకి వస్తున్నారని చెట్ల మొదళ్ల దాకా టైల్స్ వేయించాం. బత్తాయి తోట ఉన్న మా బావమరిది వచ్చి చూసి, "బావా, దీనికి చెప్పులు కూడా తొడిగినవా?" అన్నాడు. వేరు పక్కకు పాకకపోతే చెట్టు దేన్ని పట్టుకుని నిలబడుతుందని వాడి ప్రశ్న. వాడు కాయ బరువున్న కొమ్మకు ఊతకర్ర పెడతాడు. గుబురుగా ఉన్నచోట కొమ్మలు తీసి గాలికి దారి వదులుతాడు. లేతచెట్టును కర్రకు కట్టేటప్పుడు తీగతో బిగించడు, పాత చీర పీలికతో వదులుగా కడతాడు. మునగను చూసి మాత్రం, "పుల్ల విరిగినట్టు విరుగుతది, ఇప్పుడే సగానికి కొట్టెయ్" అన్నాడు. కాయలున్నాయి కదా అంది మా ఆవిడ. పనికొస్తాయి.

చెట్టును ఎలా నిలబెట్టుకోవాలో నేర్చుకోవడానికి మాకు దూరం పోవాల్సిన పని కూడా లేదు. మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రి ఉంది. ఏడు వందల ఏళ్లదంటారు. ఊడలు దింపుకుని తన ఊతకర్రలు తానే పాతుకుంది. అలాంటిది 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడింది. లోపల చెదలు. తర్వాత ఆస్పత్రిలో రోగికి ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి చుక్కచుక్కగా చెదల మందు ఎక్కించారు, కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టారు. ఆ ఫొటోలు చూసినప్పుడు ఊరంతా నవ్వింది, నేనూ నవ్వాను. మా కొబ్బరిచెట్టు మొదట్లో మట్టి పుట్ట లేస్తుంటే నీళ్ల పైపుతో కడిగేసి, పోయిందనుకున్నాను.

నవ్వు రాని సంగతి కూడా ఒకటి చెప్పాలి. 2024 మే 26న ఇలాంటి పేరు లేని గాలికే నాగర్‌కర్నూల్ జిల్లాలో కడుతున్న షెడ్డు గోడ కూలి నలుగురు చనిపోయారు. గాలికీ వానకూ మనిషి పరుగెత్తేది దగ్గర్లో ఉన్న గోడ చాటుకే కదా. యాసంగి వడ్లు కల్లంలో ఉన్నప్పుడు మా బావమరిది ఏ చాటుకూ పోడు. పట్టా నాలుగు మూలలా బస్తాలు పెట్టి, ఐదో మూల తాను కూర్చుంటాడు. ఉరుములకు చెట్టుకిందికి వెళ్లకు, ఇంటికి రా అని ఫోన్ చేస్తే, "వడ్లు వస్తే నేనూ వస్త బావా" అంటాడు. వాడికి నేను ఒత్తిడి సూత్రం చెప్పలేదు.

సరే, ఈసారి గాలి. పేరు రాకముందు జరిగిన కథ ఇది.

రోహిణి కార్తె మూడో రోజు. నారింజ రంగు. ట్యాంకు నిండింది. చల్లగాలి రాగానే నేను వాకిట్లో కుర్చీ వేసుకున్నాను. మెరుపు మెరిసింది. లోపల మా అమ్మ "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ" అని మొదలుపెట్టింది. ఆమె ఒకసారి పూర్తిగా అనడానికి మూడు సెకన్లు పడుతుంది. ధ్వని కిలోమీటరు నడవడానికీ సుమారు మూడు సెకన్లే. రెండుసార్లు అన్నాక ఉరిమితే పిడుగు రెండు కిలోమీటర్ల దూరంలో పడిందని నా లెక్క. మొదట మూడు కిరీటీలు వచ్చాయి. తర్వాత ఒకటి. ఆ తర్వాత "ఫల్గు..." దగ్గరే ఆకాశం పగిలింది. నేను కుర్చీతో సహా లోపలికొచ్చి తలుపు వేశాను. తొందరలో వచ్చిన కుర్చీ అదొక్కటే.

డాబా మీద ఏదో పెద్దమనుషుల పంచాయితీ జరుగుతున్నట్టు చప్పుడు. డబ్బాలు దొర్లాయి. రేకు ఒకసారి గట్టిగా దగ్గి ఊరుకుంది. మునగచెట్టు మా బావమరిది చెప్పిన చోటే, చెప్పినట్టే విరిగింది. పావుగంటలో అంతా అయిపోయింది.

టార్చిలైటు దొరికాక పైకెళ్లి చూశాను. మూడు కాళ్ల కుర్చీ కదల్లేదు, దాని మీద ప్రకృతికి కూడా జాలి ఉన్నట్టుంది. ఫ్లెక్సీ లేదు. నాయకుడు వడియాలతో సహా వేరే వార్డుకు మారిపోయాడు. కూలర్ పక్కకు ఒరిగి ఉంది. డోర్లు లెక్కపెట్టాను. రెండున్నాయి. అప్పుడే కింద గేటు చప్పుడైంది.

"సారూ, జర బయటికి రండ్రి" పక్కింటాయన గొంతు. ఆయన చేతిలో గడ్డి డోరు. వెనక ఆయన కొత్త కారు, ముందు అద్దం నిండా సాలెగూడు. "ఇది మీదేనా?"

అది మా కూలర్‌కు పనికిరాదని, సైజు వేరని నిజాయితీగా వివరించబోయాను. మా ఆవిడ వెనకనుంచి వచ్చి, "మాదే అన్నా, ఇటియ్యు" అని తీసుకుంది.

అద్దం డబ్బులు ఇచ్చేశాను. విరిగిన మునగ కాయలు కాలనీలో పది ఇళ్లకు పంచాం. పేరు మాత్రం ఇంకా తేలలేదు. మేం మునగ గాలి అంటున్నాం. మొన్న పక్కింటాయన మనవరాలు మా గేటు ముందు ఆడుకుంటూ, అదెప్పుడు వచ్చిందో తన దోస్తుకు చెబుతుంటే విన్నాను. వాళ్లింట్లో దానికి మా ఇంటిపేరు పెట్టుకున్నారు.