ఒక్క రాత్రి కిరోసిన్‌తో పేలు పోవు

"తలకు కిరోసిన్ పట్టించి, గుడ్డ చుట్టి ఒక రాత్రి ఉంచితే పేలూ ఈపులూ ఒక్క దెబ్బకు పోతాయి. మురికి తలకే పేలు పడతాయి. దుప్పట్లకూ పురుగుల మందు కొట్టాలి." ఫోన్లలో తెగ తిరుగుతున్న సలహా ఇది.

ముందు కిరోసిన్ సంగతి. నిప్పురవ్వ పడితే జుట్టు అంటుకుంటుంది. రాత్రంతా గుడ్డ కింద నానితే మాడు కాలి బొబ్బలెక్కుతుంది. పిల్లల నోట్లోకి పోయి, ఊపిరితిత్తుల్లోకి కొంచెం జారినా న్యుమోనియా.

అసలు తప్పంతా ఆ "ఒక్క దెబ్బ"లో ఉంది. ఈపి పెంకులోకి చాలా మందులు దిగవు. గుడ్డు పెట్టిన 7–10 రోజులకు పిల్ల బయటికొస్తుంది, మరో 9–12 రోజులకు అదీ గుడ్లు పెట్టే ఈడుకొస్తుంది. రెండో విడత మందు ఈ సందులోనే పడాలి. పేలను చంపే 1 శాతం పెర్మెత్రిన్ మందు అయితే, కండిషనర్ కలవని షాంపూతో తలంటి, తువ్వాలుతో బాగా ఒత్తి, కుదుళ్ల నుంచి కొసల దాకా పట్టించి, 10 నిమిషాలకు కడిగేయాలి. నీళ్లోడే జుట్టు మీద మందు పలచబడుతుంది, కండిషనర్ పొర మీద సరిగా అంటదు. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు తలంటకూడదు. 9వ రోజున మళ్లీ ఇదే వరస. రెండు నెలలు నిండని పసివాళ్లకు ఈ మందు వద్దు.

మందు ఇష్టం లేనివాళ్లకు పేల దువ్వెన ఉంది. తడి జుట్టుకు కండిషనర్ దట్టంగా పూసి, పాయలు తీసి, పళ్లు మాడుకు ఆనేలా కొస దాకా దువ్వాలి. దువ్విన ప్రతిసారీ తెల్లగుడ్డకు తుడిచి చూసుకోవాలి. 3–4 రోజులకోసారి, కనీసం రెండు వారాలు. విసుగు పుట్టే పనే, సగంలో ఆపితే పడ్డ శ్రమంతా వృథా.

మురికి మాటంటారా, పేను తాగేది రక్తం. రోజూ తలంటుకునేవాళ్లకూ పడుతుంది. ఎగరదు, దూకదు, తలకు తల ఆనినప్పుడు పాకుతుంది. అందుకని ఇంటిల్లిపాది తలలూ ఒకే రోజు చూసి, బతికున్న పేను దొరికినవాళ్లకే మందు పెట్టాలి.

దుప్పట్లకు మందు కొట్టడం దండగ, పీల్చేవాళ్లకు హాని కూడా. తల వదిలిన పేను ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. గడిచిన రెండు రోజుల్లో వాడిన దిండు గలీబులు, తువ్వాళ్లు 54 డిగ్రీలు దాటిన వేడినీళ్లలో ఉతికితే సరి. దువ్వెనలు అదే వేడిలో 10 నిమిషాలు.

ఈపులు ఇంకా కనిపిస్తున్నాయని మందు మీద మందు పూయకండి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, మాడుకు 6 మిల్లీమీటర్లు దాటినవి చాలావరకు ఖాళీ పెంకులే. మందు పెట్టిన 8–12 గంటలకూ పేలు మునుపటిలాగే చురుగ్గా పాకుతుంటే మాత్రం ఆ మందు వాటి మీద పనిచేయట్లేదు. డాక్టరును అడిగి డైమెథికోన్‌కో ఐవర్‌మెక్టిన్‌కో మారాలి. ఐవర్‌మెక్టిన్ మాత్ర 15 కిలోల లోపు పిల్లలకు, గర్భిణులకు ఇవ్వరు.