కుక్క లావు తగ్గేది రోడ్డు మీద కాదు, గిన్నెలో

చంద్రపూర్‌లో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. బల్లార్షా నుంచి సిరోంచ దాకా మన తెలుగు ఇళ్లలో పెరిగే లాబ్రడార్లకు ఆ రోజుల్లో తెల్లవారుజామున కాసేపు తప్ప నడక కుదరదు. అయినా కుక్క లావెక్కితే ఇంట్లోవాళ్లకు తోచే మందు ఒక్కటే: ఇంకాస్త తిప్పుదాం. ఇది ప్రాణం మీదికి తెచ్చే పని. కుక్క ఒంటి వేడి ఎక్కువగా వగర్పుతోనే బయటికి పోతుంది. ఛాతీ చుట్టూ కొవ్వు పేరుకుంటే ఆ వగర్పే సరిగా సాగదు.

38 కిలోలున్న లాబ్రడార్ 30 కిలోలకు రావాలనుకుందాం. తగ్గే దశలో దానికి రోజుకు సుమారు 900 కేలరీలు చాలు. లెక్క 30 కిలోలకే కట్టాలి. ఫీడ్ బస్తా మీది పట్టీలో ఇప్పటి బరువు చూసి పెడితే తగ్గేదేమీ ఉండదు. అర కిలో అన్నంలోనే 650 కేలరీలు. దానిమీద పెద్ద చెంచా నెయ్యి 130, ఆరు గ్లూకోజ్ బిస్కెట్లు దాదాపు 150. మాంసం ముక్క పడకముందే కోటా దాటిపోయింది.

అలాగని అన్నీ సగం చేయకూడదు, కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. కోత పడాల్సింది అన్నానికి, నెయ్యికి. స్కిన్‌లెస్ చికెన్, గుడ్డు ఉడికించి పెట్టాలి. తగ్గిన అన్నం చోట ఉప్పు, ఉల్లి లేని ఉడికిన సొరకాయ, బీన్స్ వేయాలి. ఇంటి తిండే అయితే కాల్షియం చాలదు, వెటర్నరీ డాక్టర్ చేత సప్లిమెంట్ రాయించుకోవాలి.

గ్లాసు కొలత వద్దు, గ్రాముల్లో తూచండి. రోజు తిండంతా పొద్దున్నే ఒక డబ్బాలో పెట్టేస్తే తాతయ్య ఇచ్చే ముక్కైనా, పిల్లలు వేసే బిస్కెట్టైనా అందులోంచే పోవాలి. ప్లాన్ చెడేది ఎక్కువగా ఇక్కడే. ఆ జాలి చూపుకు కరగకుండా ఉండటం కష్టమే. లాబ్రడార్లలో సుమారు నాలుగో వంతుకు ఆకలిని పెంచే జన్యులోపం ఉందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు తేల్చారు. అంటే ఆ చూపు ప్రతిసారీ ఖాళీ కడుపుది కాదు. 2002లో వెలువడిన మరో అధ్యయనంలో, తోటి కుక్కలకన్నా 25 శాతం తక్కువ తిన్న లాబ్రడార్లు దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే శక్తి అవసరం తగ్గుతుంది, తిండీ ఐదో వంతు తగ్గించాలి.

రెండు వారాలకోసారి కిరాణా హోల్‌సేల్ కాంటా మీద తూచండి. వారానికి బరువులో 1 నుంచి 2 శాతం తగ్గితే సరైన వేగం. పక్కటెముకలు తడిమితే మీ చేతి వెనక ఎముకల్లా తగలాలి. తూచి పెట్టినా నాలుగు వారాల్లో కాంటా కదలకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించండి.