గుప్పెడు మట్టి, గంపెడు వాదన

(మొక్కజొన్న చేను గట్టు మీద భర్త మోటారు స్విచ్చుపై చేయి వేసి నిలబడి ఉండగా, భార్య గునపంతో అడ్డం వచ్చింది.)

భర్త: పైమట్టి పొడిబారి నెర్రెలు కూడా విచ్చింది. వారానికొక తడి అనుకున్న లెక్క ప్రకారం నేడే గడువు. ఇంకా దేనికోసం ఆగమంటావు?

భార్య: పైరు వేళ్లు క్యాలెండరు చదవవండీ. పైపొర ఎండకూ గాలికీ ఆరడం సహజమే. మొక్క తాగే నీటిలో దాదాపు 70 శాతం వేళ్లు పాకిన లోతులో పై సగం నుంచే వస్తుంది కనుక, జానెడు లోతున ఒకసారి, మూరెడు లోతున మరొకసారి మట్టి తీసి చూడనిదే స్విచ్చు జోలికి వెళ్లకండి.

భర్త: మధ్యాహ్నం ఆకులు చుట్టుకుపోయి దాహమని మొరపెట్టుకున్నాయి. నీకు జాలి లేదా?

భార్య: మధ్యాహ్నం భోజనం కాగానే మీరూ వాలిపోతారు, అంతమాత్రాన నేను వైద్యుణ్ణి పిలిచానా? ఎండ మండిపోతున్నప్పుడు ఆకు వదిలే నీటితో వేరు పోటీ పడలేదు, చల్లబడ్డాక తేరుకుంటుంది. తెల్లవారేసరికి కూడా వాడి ఉంటే అది నిజమైన దాహం.

భర్త: (విజయగర్వంతో) నీ మాటా వద్దు, నా మాటా వద్దు, మనం పాతిన టెన్షియోమీటరునే అడుగుదాం. అదిగో, ముల్లు 25 దగ్గర ఉంది. వందకు 25 పాళ్లే తేమ మిగిలిందన్నమాట!

భార్య: అది మార్కుల పట్టీ కాదు. మట్టి నీటిని ఎంత గట్టిగా పట్టుకుందో సెంటీబార్లనే ఒత్తిడి కొలతలో చూపే ముల్లు అది. సున్నా దగ్గరుంటే నేల నీటితో నిండిపోయినట్టు. అంకె పెరిగేకొద్దీ ఆరుతున్నట్టు. బంకమట్టి పాలు ఎక్కువైన మన బరువు నేలకు 25 అంటే ఇంకా మంచి పదునే.

భర్త: అందుకేనా, నేను ఎంత నీరు పెట్టినా ఆ అంకె వంద చేరకుండా దిగజారిపోయేది?

భార్య: వంద ఎక్కడిది? 80 దాటితే లోపలికి గాలి చొరబడి పరికరమే చేతులెత్తేస్తుంది. మీరు పోసిన నీటికి మట్టిలో గాలి ఆడక వేళ్లు ఉక్కిరిబిక్కిరయ్యాయి, నత్రజని అందకుండా కిందికి జారిపోయింది, ఆకులు పసుపెక్కాయి. ఇక తవ్వండి.

(ఈ దంపతుల్లో తవ్వే వంతు ఎప్పుడూ ఎవరిదో చెప్పనక్కర లేదు.)

భార్య: పిడికిట్లో నొక్కండి. ఉండ కట్టింది, వేళ్ల ముద్రలు పడ్డాయి, బొటనవేలితో తోస్తే రిబ్బనులా సాగుతోంది, అంటే తేమ ఇంకా చాలినంత ఉంది. మొక్కకు అందే నీటిలో సగం ఖర్చయ్యేదాకా మామూలుగా ఆగవచ్చు. ఇప్పుడు పూత, పీచు దశ కనుక నేను అంతదాకా ఆగను, ఎల్లుండి మళ్లీ చూస్తాను.

భర్త: మరి ఆ చివరి మూలో? (మూరెడు లోతు నుంచి తీసిన మట్టి వేళ్ల సందున జలజల రాలిపోయింది.) చూశావా! తడి పెట్టాలని నేను మొత్తుకోలేదూ?

భార్య: అది ఇసుక పాలు ఎక్కువైన చోటు; మీకు చెప్పిన పనిలాగే నీరు అక్కడ నిలవదు. బరువు నేల దాచుకునే దానిలో సగమైనా దాచుకోలేదు కనుక, దానికి కొద్దికొద్దిగా, త్వరత్వరగా పెట్టాలి. మీరు అడిగింది చేనంతటికీ. కావలసింది ఆ నాలుగు సాళ్లకు.

భర్త: ఆ నాలుగు సాళ్ల మేరకైనా గెలిచింది నేనే కదా?

భార్య: సందేహం లేదు. ఆ మూలకు పైపు చేరదు కాబట్టి, గెలిచినవారే పార పట్టుకుని కాలువ తీయండి.