పెట్టె చేతులు ఎటు తిరిగి ఉన్నాయి?

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను అద్దాల పెట్టెలో పెట్టి, పక్కనున్న గుండ్రటి కంతల్లోంచి నర్సు చేతులు దూర్చి చూసుకోవడం పెద్దాసుపత్రికి వెళ్లినవాళ్లు చాలామంది చూసే ఉంటారు. ల్యాబుల్లో ఉండే గ్లవ్ బాక్స్ చూడ్డానికి కాస్త అలాగే ఉంటుంది. కాకపోతే ఆ కంతలకు భుజం దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు బిగించి ఉంటాయి, లోపలి గాలికీ బయటి గాలికీ పొత్తు ఉండదు. పదుల లక్షలు పోసి కొంటారు, రిబ్బన్ కట్ చేస్తారు, పేపర్లో ఫొటో వస్తుంది. ఆ తర్వాత దాన్ని సాకేదెవరని ఎవరూ అడగరు. నా గొడవంతా అదే.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను విజయనగరం జిల్లాలో ఒక కాలేజీ ల్యాబులో లిథియం బ్యాటరీల మీద పనిచేస్తున్నాను. కరెంటు పోయింది, జనరేటర్‌కి డీజిల్ లేదు, రోడ్ల నిండా పడిపోయిన చెట్లు. ఎలాగో చేరుకునేసరికి మా అటెండరు గుమ్మంలోనే ఎదురొచ్చి "మాస్టారూ, పెట్టి చేతులు వాలిపోనాయండి" అన్నాడు. మామూలుగా మా పెట్టెలో ఆర్గాన్ (దేనితోనూ కలవని జడవాయువు) ఒత్తిడి బయటి గాలి కన్నా కొన్ని మిల్లీబార్లు ఎక్కువ ఉంచుతాం కాబట్టి, గ్లౌజులు ఎవరో లోపల్నుంచి చేతులు చాపినట్టు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. అవి వేలాడుతున్నాయంటే లోపలి ఒత్తిడి పోయినట్టే. బయటి గాలి తగిలి, వెండిలా మెరవాల్సిన లిథియం రేకు నల్లబడిపోయింది. మేం డిగ్రీలున్నవాళ్లం మీటరు చూసి చెప్పేవాళ్లం, ఆయన చేతులు చూసి చెప్పాడు (మీటరుకి కరెంటు కూడా లేదు లెండి).

ఆర్గానే ఎందుకు, చవగ్గా దొరికే నైట్రోజన్ చాలదా అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. చాలా పనులకు చాలు. పలాస జీడిపప్పు ప్యాకెట్టు మెత్తబడకుండా, ముక్క వాసన రాకుండా ఉండటానికీ అదే నింపొచ్చు. కానీ లిథియం గది వేడిమి దగ్గరే నైట్రోజన్‌తో కలిసి లిథియం నైట్రైడ్ అయిపోతుంది, కాబట్టి దానికి ఆర్గాన్ తప్పదు. లోపలి వాయువు ఊరికే నిలవ ఉండదు, రాగి ఉత్ప్రేరకం మీదుగా, మాలిక్యులర్ సీవ్ మీదుగా తిరుగుతూనే ఉంటుంది. రాగి ఆక్సిజన్‌ని పట్టేస్తుంది, సీవ్ తేమని పట్టేస్తుంది. రెండూ 1 పీపీఎం లోపు ఉండాలి, అంటే పది లక్షల్లో ఒక వంతు. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ దాదాపు 2,10,000 పీపీఎం.

ఇంత తేడాని కాపాడేది పక్కనుండే చిన్న గది, వస్తువుల్ని లోపలికి పంపే యాంటీ చాంబర్. దాన్ని పంపుతో ఖాళీ చేసి ఆర్గాన్ నింపాలి, అలా మూడుసార్లు. కుర్రాళ్లు తొందరలో రెండుసార్లకే ఆపేసి "సార్, అయిపోయింది" అంటారు. లెక్క చూడండి. బయటి గాలి ఒత్తిడి దాదాపు వెయ్యి మిల్లీబార్లు, పంపు ఒక్కోసారి 10 మిల్లీబార్ల దాకా లాగితే గాలి వందో వంతు మిగులుతుంది, రెండుసార్లకి ఆక్సిజన్ 21 పీపీఎం, మూడోసారికి 0.2. ఆ ఒక్క రౌండు ఎగ్గొట్టడం అంటే వంద రెట్లు ఎక్కువ ఆక్సిజన్‌ని తలుపు తీసి రమ్మనడం. మా అమ్మ ఆవకాయ జాడీ దగ్గర "తడి గరిటె పెట్టకురా" అని కేకేసేది, ఈ ల్యాబుల్లో అలా కేకేసేవాళ్లే కరువు. పైగా మనది సముద్రపు గాలి తగిలే ఊరు, టిష్యూ పేపరు, అట్టపెట్టె ముక్క, సరిగా ఆరబెట్టని గాజు సీసా, ఇవన్నీ తేమని కడుపులో దాచుకుని లోపలికి వెళ్లి తీరిగ్గా వదులుతాయి, ఆ తేమని పంపు అంత సులువుగా లాగలేదు.

స్టీలు గోడ కారదు. కారేది రబ్బరే. బ్యూటైల్ గ్లౌజు మందం మిల్లీమీటరు కూడా ఉండదు, చిల్లు లేకపోయినా దాంట్లోంచి తేమ, ఆక్సిజన్ మెల్లగా చొరబడుతూనే ఉంటాయి. ఉంగరం, గోరు, సిరంజి సూది తగిలితే చెప్పనే అక్కర్లేదు. అందుకే గ్లౌజులు మార్చడం రావాలి. పెట్టె తెరవకుండానే కొత్త గ్లౌజుని పాతదాని మీదుగా రింగుకి తొడిగి, పాతదాన్ని లోపలికి లాగేస్తారు. ఒక మధ్యాహ్నం కూర్చుంటే వచ్చే విద్య. అది తెలిసినవాడు ఒక్కడూ లేక నెలల తరబడి మూలపడిన పెట్టె నేను చూశాను.

ఇంతవరకూ చెప్పింది మనిషి నుంచి, గాలి నుంచి సరుకుని కాపాడే పెట్టె. సరుకు నుంచి మనిషిని కాపాడే పెట్టె వేరు, దాంట్లో ఒత్తిడి బయటి కన్నా తక్కువ, గ్లౌజులు లోపలికి పీల్చుకుపోయి ఉంటాయి. చిల్లు పడితే బయటి గాలి లోపలికి పోవాలి తప్ప లోపలి పొడి బయటికి రాకూడదు. హార్మోన్లు, క్యాన్సర్ మందుల్లాంటివాటిలో కొన్ని చాలా కొద్ది మోతాదులోనే ఒంటి మీద పనిచేస్తాయి, అలాంటివాటికి ఫార్మాలో ఐసొలేటర్లు అనే ఈ రకం పెట్టెలు వాడేది అందుకే. మందుల ఫ్యాక్టరీలున్న పైడిభీమవరం వైపు షిఫ్టు బస్సు ఎక్కే మన కుర్రాళ్లలో ఎంతమందికి ఎవరైనా ఈ రెండింటి తేడా చెప్పి ఉంటారు? ఫ్యాక్టరీ అనగానే ఊళ్లో అందరం వాసన గురించి, వాగులో నీళ్ల గురించి మాట్లాడతాం, మాట్లాడాల్సిందే, కానీ వాసన లేని పొడి గురించి మాట్లాడేవాడు లేడు. ఉత్పత్తి చెడితే బ్యాచ్ మొత్తం పారబోస్తారు, కాబట్టి దాన్ని కాపాడే ఏర్పాటు మీద యాజమాన్యానికి కన్ను ఉంటుంది. మనిషి ఒంట్లోకి వెళ్లింది ఏ రిజిస్టర్లోనూ వెంటనే కనపడదు.

రెండు గుణాలూ ఉన్న సరుకు వస్తే ఇంకా చిక్కు. కల్పాక్కంలో 1985లో మొదలైన ఎఫ్‌బీటీఆర్ అనే అణు రియాక్టరుకి ప్లుటోనియం కార్బైడ్ ఉన్న ఇంధనం వాడారు. అది విషమూ, గాలి తగిలితే అంటుకునేదీ. కాబట్టి పెట్టెలో జడవాయువు ఉండాలి, ఒత్తిడీ తక్కువ ఉండాలి, అప్పుడు ఏ చిన్న కంత ఉన్నా బయటి ఆక్సిజన్ నేరుగా లోపలికే. అమెరికాలో రాకీ ఫ్లాట్స్ అణ్వాయుధాల ఫ్యాక్టరీలో 1957 సెప్టెంబరులో గ్లవ్ బాక్స్‌లోని ప్లుటోనియం తనంతట తానే అంటుకుంది, కాపాడాల్సిన పెట్టెకున్న ప్లెక్సీగ్లాసే (అద్దంలాంటి ప్లాస్టిక్) మంటకి మేత అయింది.

కాబట్టి కాలేజీలు కొత్త పెట్టె కొనడం ఒక ఏడాది ఆపి, ఉన్నవాటికి ఆర్గాన్ సిలిండర్లు, గ్లౌజులు, బ్యాకప్ కరెంటు, ఒక పర్మనెంటు టెక్నీషియన్, వీటి మీద ఖర్చు పెడితే మేలని నా అభిప్రాయం. ఎమ్మెస్సీ పరీక్షలో "జడ వాతావరణం" మీద అయిదు మార్కుల జవాబు రాసి, గ్లౌజులో ఒక్కసారీ చెయ్యి పెట్టకుండా బయటికొచ్చే పిల్లలకి ఫ్యాక్టరీలో మొదటి రోజే ఎవరో పొడి చేతికిస్తారు. మందుల తయారీ ఎలా ఉండాలో చెప్పే షెడ్యూల్ ఎం నిబంధనల్ని 2023 డిసెంబరులో సవరించారు, ప్రమాదకరమైన మందుల తయారీకి వాటిలో విడిగా ఒక భాగమే ఉంది. ఆ కాగితం మేనేజరు టేబుల్ దాకా వస్తుంది. షిఫ్టు మొదట్లో గ్లౌజులు ఎటు తిరిగి ఉన్నాయో చూసుకోమని, వాలి ఉంటే చెయ్యి పెట్టొద్దని తెలుగులో రెండు ముక్కలు రాసి ఆ పెట్టె మీద అంటించడానికి ఏ నోటిఫికేషనూ అక్కర్లేదు. మా అటెండరు అది చదవకుండానే చేశాడు. మూడేళ్ల తర్వాత ఆయన్ని కాంట్రాక్టు అయిపోయిందని పంపించేశారు. పెట్టె మాత్రం అక్కడే ఉంది, మీద దుప్పటి కప్పి.