అల్లుడికి నెయ్యి లేదు

"అల్లుడికి నెయ్యి లేదు, అల్లుడితో వచ్చినవాళ్లకి నూనె లేదు" అని మనకో సామెత ఉంది. ఇన్నాళ్లూ అది పిసినారి మామల మీద చురక అనుకున్నాం. కాదు, అదొక ఆహార నియమావళి. నెయ్యి మానేస్తే వీగన్ (అంటే పాలు, పెరుగుతో సహా జంతువుల నుంచి వచ్చేదేదీ ముట్టనివాడు), నూనె కూడా మానేస్తే ఆరోగ్యం. వీగన్ అన్న మాట ఇంగ్లండులో 1944లో పుట్టింది. మన మామగారు సిద్ధాంతాన్ని అంతకు ముందే రెండు ముక్కల్లో తేల్చేశాడు. పేటెంటు మాత్రం తీసుకోలేదు, ఫీజు కట్టాలని కాబోలు.

ఈ జ్ఞానోదయం నాకు మొన్న సంక్రాంతికి, రావులపాలెం దగ్గర మా అక్కయ్య ఇంట్లో అయింది. కొత్తల్లుడు వీగన్ అని మేనకోడలు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి చెప్పింది. అక్కయ్య అదేదో కంపెనీ పేరనుకుని, "జీతం బాగానే ఇస్తారా?" అని అడిగింది. విషయం తెలిశాక బేరం మొదలైంది.

"మాంసం తినరా? పోనీలేవే, కనుమనాడు గారెలున్నాయిగా."

"నెయ్యి కూడా తినరమ్మా."

"పూతరేకుల్లో రాస్తాలే, కనపడదు."

"అమ్మా!"

"పోనీ మజ్జిగ?"

"అదీ పాలదే కదమ్మా."

"నీళ్లెక్కువ పోస్తానే."

గోదావరి జిల్లాల్లో అల్లుడి ముందు వందల రకాలు పరిచి ఫొటోలు పేపర్లకెక్కించే రోజులివి. ఇలాంటి కాలంలో నేతిగిన్నె లేని విస్తరి అంటే మా బావకి పరువు సమస్య. మేం కారు దిగగానే వీధరుగు మీద సమావేశం పెట్టాడు. నన్ను ఏకసభ్య విచారణ సంఘంగా వేశారు. కాగితం, పెన్సిలు తీసుకుని వంటింట్లో కూర్చున్నాను.

నివేదిక సారాంశం ఇది. పనసపొట్టు కూర, కందా బచ్చలి, గుమ్మడికాయ దప్పళం, చిక్కుడుకాయ, పులిహోర, గోంగూర, కొబ్బరి పచ్చడి: వీటిలో దేనిలోనూ ఏ జంతువు ప్రమేయమూ లేదు. అరటికాయ ఆవపెట్టిన కూర మీద మేనకోడలికి పేరు వల్ల కొంత అనుమానం వచ్చింది. అందులో ఉన్నది ఆవ మాత్రమే, ఆవు లేదని లిఖితపూర్వకంగా హామీ ఇచ్చాను. ముద్దాయిలు ఇద్దరే తేలారు: నేతి గరిటె, పెరుగు గిన్నె. (అన్నంలో నంజుకునేవాటి గురించి ఇంత రాస్తున్నాను గానీ, నిఘంటువులో "నంజుడు" అంటే మాంసమే. భాష కూడా మనవైపు లేదు.) ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉన్నా లోపల పాలుండొచ్చు కాబట్టి, వీగన్ ఆహారానికి ప్రభుత్వం 2022లో విడిగా నిబంధనలు తెచ్చింది, గుర్తూ వేరేది ఇచ్చింది. కందకి చుక్కా లేదు, గుర్తూ లేదు. ఒళ్లంతా మట్టి.

వీగన్ సగం అంత తేలిగ్గా తీరిపోయింది. చిక్కు రెండో సగంతో వచ్చింది. నేను అల్లుడితో పాటు కారులో దిగినవాణ్ణి. సామెత ప్రకారం నూనె లేనిది నాకు.

గుత్తివంకాయ చూడండి. అందులో పశుసంబంధం ఏమీ లేదు, పూర్తి శాకం. కానీ మూకుడులోకి తొంగి చూస్తే వంకాయలు కూరలో లేవు, పుణ్యస్నానంలో ఉన్నాయి. "నూనె పైకి తేలితేనే కూర అయినట్టు" అన్నది మా అక్కయ్య గడియారం. జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది హైదరాబాదు తార్నాకలోనే. నూనె తగ్గించండి, ఉప్పు తగ్గించండి అని వాళ్లు చెబుతూనే ఉన్నారు. ఆ మాట హైవే ఎక్కి ఏలూరు, తణుకు దాటుకుని వచ్చి, సిద్ధాంతం అనే ఊరి వంతెన దగ్గర గోదావరిలో పడిపోతోంది. పెద్దవాళ్లకి రోజుకి ఐదు గ్రాముల లోపే ఉప్పు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, అంటే ఒక చెంచాడు. ఆ చెంచాడు మా ఇంట్లో ఆవకాయ బద్ద దగ్గరే అయిపోతుంది, అన్నం ఇంకా కలపకుండానే.

మేనకోడలు తెచ్చిన విరుగుడు ఇంకో ఘోరం. బాదం పాల డబ్బాలు, కినోవా అనే గింజలు, కేల్ అనే ముడతల ఆకు. ఆ కేల్ ఏసీ కారులో, ఐస్ పెట్టెలో, మా కన్నా సుఖంగా ప్రయాణం చేసి వచ్చింది. పెరట్లో మునగచెట్టు దాన్ని చూస్తూ నిలబడింది.

చివరికి తెగించింది అక్కయ్యే. చిక్కుడుకాయలు ఆవిరి మీద మెత్తబెట్టి, వేయించిన నువ్వుల పొడి చల్లింది. దప్పళానికి పోపు మాత్రం పెట్టింది. పనసపొట్టుకి రెండు చెంచాల నూనె కొలిచి పోసింది. కొలిచేటప్పుడు ఆవిడ ముఖం చూడలేకపోయాను. కొబ్బరిపాలలో నీళ్లు కలిపి, అల్లం, కరివేపాకు, నిమ్మరసం వేసి మజ్జిగ అంది. కోనసీమలో కొబ్బరికేం కరువు?

అల్లుడు దప్పళం మూడుసార్లు పోయించుకున్నాడు. బావ ఎడం చెయ్యి మాత్రం, నేతిగిన్నె రోజూ ఉండే చోట, భోజనం అయ్యేదాకా తచ్చాడుతూనే ఉంది.

ముక్కనుమ మర్నాడు బయల్దేరుతుంటే అక్కయ్య డిక్కీలో ఆవకాయ జాడీ సర్దింది. ముక్క మీద రెండు వేళ్ల మందాన నూనె.

"అత్తయ్యగారూ, నూనె కాస్త..." అన్నాడు అల్లుడు నెమ్మదిగా.

"గానుగలో ఆడించిన పప్పునూనె బాబూ," అంది అక్కయ్య, మూత బిగిస్తూ. "ఏ గేదెనీ అడగలేదు."