వైవిధ్యీకరణ గారికి, చెరువు గట్టు మీద నుంచి

భీమవరం పక్కన ఒక చెరువు గట్టు,
2025 అక్టోబర్, మధ్యాహ్నమంతా పాడైపోయిన ఒక సాయంత్రం

మహారాజశ్రీ వైవిధ్యీకరణ గారి సముఖానికి,

రొయ్యల చెరువు నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్ల చప్పుడులో, మేత బస్తా మీద కూర్చుని, నమస్కరించి వ్రాయునది ఏమనగా.

ఇవాళ మీ పేరు మీద మా మండలంలో అవగాహన సదస్సు జరిగింది. రెండింటికి రమ్మన్నారు, ఐదింటికి మొదలెట్టారు. ఆ మూడు గంటల్లో షామియానా నీడ నా కుర్చీ వదిలేసి పక్కాయన మీదికి, అక్కణ్ణుంచి గోడ మీదికి వెళ్ళిపోయింది. నేను మాత్రం కదల్లేదు. మధ్యలో ఒక సమోసా, ఒక అట్ట ఫైలు, ఒక పెన్ను ఇచ్చారు. బ్యానరు మీద మీ పేరు ఎంత పెద్దగా వేయించారంటే, చివరి ‘ణ’కి చోటు చాలక ఒక నాయకుడి చెవి మీద ఎక్కింది.

మనకి పరిచయాలెందుకు లెండి, పాత స్నేహితులం. 2012లో మీరు మా ఇంటికి పచ్చరంగు కరపత్రంగా వేంచేశారు. ‘వరి ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, వైవిధ్యీకరణ వైపు అడుగు వేయండి’ అని రాసుంది. కింద రొయ్య బొమ్మ, దాని మీసం కొసన డాలరు గుర్తు. ఆ కాగితం ఇప్పటికీ ఇనప్పెట్టెలో పాసుపుస్తకం పక్కనే పెట్టుకున్నాను. ఇవాళ ఇచ్చింది నీలంరంగు. ‘రొయ్య ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, వైవిధ్యీకరణ వైపు అడుగు వేయండి.’ ఒక్క మాట మార్చడానికి పదమూడేళ్ళు పట్టిందా అని అడుగుదామనుకున్నాను. సమోసా నోట్లో ఉంది.

ఆ పచ్చకాగితం చూసి మా నాన్న ఒక్కటే అన్నాడు: ‘ఉప్పు తగిలిన నేల మళ్ళీ మన మాట వినదురా.’ నేను డిగ్రీ చదివినవాణ్ణి కదా, వినలేదు. గోదాముల నిండా ధాన్యం ఉందనీ, మద్దతు ధరకి జెనీవాలో లెక్క చెప్పుకోవాల్సి వస్తోందనీ అప్పట్లో ఎవరిని కదిపినా అనేవారు. ఆ లెక్కేమిటో తర్వాత తెలిసింది. ఆ జెనీవాలో ఉన్న ప్రపంచ వాణిజ్య సంస్థ వ్యవసాయ ఒప్పందం ప్రకారం మనలాంటి దేశం ఒక పంటకిచ్చే మద్దతు ఆ పంట విలువలో 10 శాతం దాటకూడదు. సరే, దేనితో పోల్చి కొలుస్తారు? ఇవాళ్టి ధరతో కాదు, 1986-88 నాటి ధరతో.

1986 అంటే మాకు ఆగస్టు వరద. పెంకుటింటి గోడ మీద నీళ్ళు ఎంతవరకు వచ్చాయో మా నాన్న మేకుతో గీత గీసి పెట్టాడు. తర్వాత ఆ ఇల్లు కూలింది, డాబా లేచింది, మేం ఆ వరదలోంచి ఎప్పుడో గట్టెక్కాం. జెనీవా వాళ్ళ లెక్క మాత్రం ఇంకా ఆ నీళ్ళలోనే నానుతోంది. 2018-19లో మన బియ్యం ఆ 10 శాతం దాటేసింది. కొత్తగా ఒప్పందం కుదిరేదాకా దీని మీద కేసులు వేయబోమని 2013లో బాలిలో రాసుకున్న శాంతి నిబంధనను అడ్డం పెట్టుకుని బయటపడ్డాం. దాన్ని వాడుకున్న మొదటి దేశం మనదే. అన్నం పండించి శాంతి కోరుకున్న ఘనత మరి ఎవరికి దక్కుతుంది?

వరి పండిస్తే దేశానికి బరువట, రొయ్య పండిస్తే దేశానికి డాలరట. చేను చెరువుగా తవ్వేశాను.

ఇది మీకు చెప్పుకోవాలి. కాటన్ దొర 1852కి ధవళేశ్వరంలో ఆనకట్ట పూర్తి చేసి మా పొలాలకి తీపినీళ్ళు తెచ్చాడు. ఇక్కడ ఊరూరా ఆయన విగ్రహమే. మార్టేరు వరి పరిశోధనా కేంద్రం వాళ్ళు ఒక వరి రకానికి కాటన్ దొర సన్నాలు అని పేరే పెట్టుకున్నారు. ఆయన కాలవ తవ్వించి తెచ్చిన తీపినీళ్ళ నేలలోకి నేను బోరు దింపి ఉప్పునీళ్ళు ఎక్కించాను. మీ మాట విని, నా చేత్తో, అప్పు చేసి మరీ. ఇప్పుడు మా ఇంట్లోకి బియ్యం బస్తా కొంటున్నాం, తాగడానికి నీళ్ళ టిన్ను కొంటున్నాం. నా చెరువు ఊట దిగి గట్టవతల చేను ఎర్రబారింది. ఆ చేను వరసకి బాబాయిది. ఆయన నాతో మాట్లాడి నాలుగేళ్ళయింది. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే విస్తరి కేసి చూస్తాడు.

ఇక డాలరు సంగతి. మరీ చౌకగా అమ్ముతున్నామని అమెరికా మన రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం వేసింది 2005లో. చాలదని దిగుమతిదారుల్ని బాండు కట్టమంది. దాని మీద మనం జెనీవాలో కేసు వేసి 2008లో గెలిచాం కూడా. ఒప్పందాలంటే నాకూ అప్పట్లో గౌరవమే. 2024 చివర్లో ఇంకో సుంకం కలిసింది, 5.77 శాతం. 2025 ఆగస్టు 27న దాని నెత్తిన 50 పడింది. అన్నీ కూడితే 58 దాటింది. సభ్యదేశాలన్నిటినీ ఒకేలా చూడాలన్నది జెనీవా వాళ్ళ వాణిజ్య ఒప్పందం గాట్‌లో మొదటి అధికరణం. మేం పెంచే వనామి రొయ్య పుట్టిల్లు ఈక్వెడార్ వైపు, 2009లో మన దేశంలోకి రానిచ్చారు. పుట్టింటి రొయ్యకి 15 శాతం వేశారు, అత్తారింటి రొయ్యకి 50. ఇది సమానమట!

మరి మళ్ళీ కేసు వెయ్యొచ్చుగా? వెయ్యొచ్చు. కానీ అప్పీలు వినే బెంచీలో 2019 డిసెంబర్ నుంచి సరిపడా మనుషుల్లేరు. కొత్తవాళ్ళని నియమించడానికి అమెరికాయే ఒప్పుకోవడం లేదు. రచ్చబండ ఉంది, చెట్టు ఉంది, పెద్దమనుషుల్లేరు. ఓడినవాడు ‘నేను అప్పీలుకెళ్తా’ అని చెట్టు కింద కూర్చుంటే సరి, తీర్పు అక్కడే ఎండిపోతుంది.

అయినా అంత దూరం ఎందుకు? ఈ ఏప్రిల్ 2 రాత్రి అమెరికా అధ్యక్షుడు ట్రంప్ అట్ట పట్టుకుని సుంకాలు చదివాడు. తెల్లారేసరికి ఇక్కడ రేటు పడిపోయింది. 9న ఆయనే వాయిదా అన్నాడు. మా రేటుకి ఆ కబురు అందలేదు. పైగా అమెరికా వాళ్ళు తినేది పెద్ద రొయ్య, ముప్పై కౌంటో నలభై కౌంటో. కౌంటంటే కిలోకి ఎన్ని తూగుతాయో ఆ లెక్క. నేను పట్టింది వంద కౌంట్. అది ఎక్కువగా పోయేది చైనాకి. చైనా తినే రొయ్యకి అమెరికా సుంకం ఏమిటయ్యా అని ఏజెంటునడిగాను. ‘మార్కెట్ సెంటిమెంట్ అండి’ అన్నాడు. మేతకి సెంటిమెంట్ లేదు, కరెంటుకి లేదు, సీడుకి లేదు. వంద కౌంట్‌కే ఉంది.

అంబాజీపేట వైపు మా బావమరిదిది కొబ్బరి. కాకినాడ రేవులో పామాయిల్ ఓడ ఆగిందంటే కొబ్బరి ధర పడుతుందని వాడికి బీపీ. వాడికో ఉత్తరం వేరే రాస్తాను.

సదస్సు చివర్లో ఫారాలు నింపారు. ట్యాబ్ పట్టుకున్న కుర్రాడు, మర్యాదస్తుడే, నా దగ్గరికొచ్చి ‘ప్రస్తుత పంటండీ?’ అన్నాడు. రొయ్య అన్నాను. ‘మారదలచిన పంటండీ?’

‘వరి.’

వేలితో పైకీ కిందికీ జరిపాడు. ‘ఇందులో వరి లేదండీ.’

‘ఎందుకు లేదు బాబూ? గోదావరి డెల్టాలో వరి లేకపోవడమేంటి?’

‘వరిలోంచి బయటికొస్తేనే కదండీ వైవిధ్యీకరణ. మళ్ళీ వరిలోకెళ్తే దానికి కోడ్ ఉండదండీ, ఆయ్.’

ఓయ్ వైవిధ్యీకరణా! ఇందాకటి నుంచి మీరు, గారు అంటున్నాను కదా, ఇక నావల్ల కాదు. నీ దారి ఒకవైపే పోతుందా? పొక్లెయిన్‌కి అప్పిచ్చావే, పూడ్చడానికి ఇస్తావా? ఉప్పు కడగాలంటే కాలవ నీళ్ళు నిలగట్టి వదలాలి, మళ్ళీ నిలగట్టి మళ్ళీ వదలాలి. మాది కాలవ శివారు, దాళ్వాకే, అంటే రెండో పంటకే నీళ్ళు రావు, నీ ఉప్పు కడగడానికి ఎక్కణ్ణుంచి తేను? దేశానికి నూరు పంటలు, నూరు ఫ్యాక్టరీలు. ఒకటి దెబ్బతింటే ఇంకోటి కాస్తుంది. నాకున్నది రెండెకరాల ముప్పై సెంట్లు. ఒక మూల వరి, ఒక మూల రొయ్య వేద్దామంటే ఉప్పుకి గట్టు తెలియదు. ప్రణాళికలో నువ్వొక పేరా. నాకు నువ్వు మా తాత చేను. ఆ చేను కాస్తా తవ్వించేసి, ఇప్పుడు దానికి కోడ్ లేదంటావా? మా బాబాయికి ఏం చెప్పమంటావు, కోడ్ లేదని చెప్పనా?

కుర్రాడు పాపం బిత్తరపోయాడు. వాడిమీదెందుకు అరవడం. ‘పండుగప్ప చేప రాసుకోనాండీ? ఇప్పుడు అందరూ అదే రాయిస్తున్నారు’ అన్నాడు. పండుగప్ప పులుసు నాకిష్టమే. పెంపకం సంగతి కూడా కాస్త తెలుసు. పెద్దపిల్లలు చిన్నపిల్లల్ని మింగేస్తాయి, సైజుల వారీగా ఎప్పటికప్పుడు ఏరి వేరు చేసుకుంటూ ఉండాలి. వాటినీ జెనీవా పంపితే బాగా కలిసిపోతాయి.

రాసుకో అన్నాను. ఏం చెయ్యను, రాత్రి ఏరియేటర్ల కరెంటు బిల్లు కట్టాలి, ఏదో ఒకటి పెరగాలి. సంతకం కూడా పెట్టాను.

పెన్ను తిరిగివ్వమన్నారు. ఇవ్వలేదు. ఆ 58 శాతంలోకి జమ రాసుకో.

ఇట్లు,
నీ లబ్ధిదారుడు